ఓటమిని ముందే లెక్కేసిన కోట

కొలంబియా ఉత్తర తీరంలో, కరీబియన్ సముద్రం ఒడ్డున, కార్తహేనా అనే పాత రేవు పట్నం ఉంది. ప్రాకారం లోపలి ఊరు వదిలి తూర్పుగా కాస్త దూరం వస్తే, బస్సులూ మోటారు సైకిళ్లూ తిరిగే రోడ్ల మధ్య బూడిద రంగు గుట్ట ఒకటి ఎదురవుతుంది. ఇంకొంచెం దగ్గరికి వెళ్తే దాని మీద గోడలున్నాయని తెలుస్తుంది. మొదట్లోకి వెళ్లి నిలబడి చూస్తే, గుట్ట ఎక్కడ ఆగిందో గోడ ఎక్కడ మొదలైందో పోల్చుకోవడం కష్టం. సాన్ ఫెలిపె దె బరాహాస్ కోట అది. అమెరికా ఖండాల్లో స్పెయిన్ కట్టిన సైనిక కట్టడాల్లో అతి పెద్దవాటి లెక్కలోకి వస్తుంది.

తొలి చూపులో మాత్రం ఆ మాట నమ్మబుద్ధి కాదు. కోట అనగానే మన కళ్లు వెతుక్కునేవి ఇక్కడ ఏవీ లేవు. దర్బారు లేదు, రాణివాసం లేదు, శిల్పాలు చెక్కిన సింహద్వారం లేదు, మబ్బుల్లోకి లేచిన బురుజులు లేవు. గుట్ట ఎత్తు సముద్ర మట్టానికి 40 మీటర్లు, అంతే. పక్కన లేచిన అపార్ట్‌మెంట్లు దాన్ని ఎప్పుడో దాటిపోయాయి. పైన ఎగిరే పెద్ద కొలంబియా జెండా, మూల మీద గుండ్రని టోపీ పెట్టుకున్న కావలి గూడు తప్ప ఫొటోకి పనికొచ్చే వస్తువు కూడా తక్కువే. చాలామంది పర్యాటకులు ఆ రెండింటి దగ్గరా ఫొటో దిగి, ఎండకు తట్టుకోలేక దిగిపోతారు.

వాళ్లను తప్పు పట్టలేం. ఈ కోట గొప్పతనం కంటికి ఇంపుగా ఉండడంలో లేదు, పనితనంలో ఉంది. ఆ పనితనం అర్థం కావాలంటే కట్టినవాడు ఏ ప్రశ్న వేసుకుని కట్టాడో పట్టుకోవాలి. సాధారణంగా కోట కట్టేవాడు, శత్రువు లోపలికి రాకుండా ఎలా ఆపాలి అని ఆలోచిస్తాడు. ఇక్కడ పనిచేసిన ఇంజనీరు అక్కడితో ఆగలేదు. సరే, వచ్చాడనుకుందాం, అప్పుడేమిటి? అని అడిగాడు. ఆ రెండో ప్రశ్నకు రాతిలో రాసిన జవాబు ఈ కోట.

ముందు ఊరి సంగతి. 1533లో పెద్రో దె ఎరేదియా అనే స్పానిష్ సాహసి ఈ పట్నాన్ని నెలకొల్పాడు. లోతైన, తుపానుల బెడద లేని అఖాతం దొరికింది. దాంతో పెరూ వెండితో స్పెయిన్‌కు బయలుదేరే ఓడల దండుకు ఇది మజిలీ అయింది. ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలను దించి అమ్మే పెద్ద సంత కూడా అయింది. డబ్బున్న చోటికి దొంగలు రాకుండా ఉండరు కదా. 1586లో ఇంగ్లండు నుంచి ఫ్రాన్సిస్ డ్రేక్ వచ్చి ఊరిని పట్టుకుని, కొంత తగలబెట్టి, మిగతాది తగలబెట్టకుండా ఉండడానికి లక్షకు పైగా డ్యుకాట్లు కప్పం గుంజుకుపోయాడు. ఆ దెబ్బతో స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ ఇటలీ ఇంజనీరు బౌతిస్తా ఆంతొనెల్లీని పంపించాడు. ఊరి చుట్టూ గోడలు లేచాయి. అప్పుడు మొదలైన తాపీ పని రెండు వందల ఏళ్లు ఆగలేదు.

గోడలు లేచినా ఒక చిక్కు మిగిలింది. సముద్రం వైపు ఎంత గట్టిగా కట్టినా, భూమి వైపు నుంచి ఊళ్లోకి వచ్చే దారి ఒకటుంది. ఆ దారి మీదే సాన్ లాజరో గుట్ట కూర్చుంది. దగ్గర్లో కుష్ఠు రోగుల ఆసుపత్రి ఉండడం వల్ల గుట్టకు ఆ పేరు. ఫిరంగులు ఆ గుట్ట ఎక్కిస్తే ఊరు పిడికిట్లోకి వచ్చినట్టే. శత్రువు ఎక్కకముందే మనం ఎక్కాలన్న ఆలోచనతో 1657 నాటికి గవర్నరు పెద్రో సపాతా దె మెన్దోసా గుట్ట కొన మీద చిన్న ముక్కోణపు కోట కట్టించాడు. అప్పటి రాజు నాలుగవ ఫిలిప్ పేరూ, తన వంశానికి చెందిన బరాహాస్ పేరూ కలిపి దానికి పెట్టుకున్నాడు. ఈ రోజు మనం చూస్తున్న కొండంత కట్టడానికి అది నెత్తి మీది కొస మాత్రమే. 1697లో ఫ్రెంచి నౌకాధిపతి బారన్ దె ప్వాంతీ వచ్చినప్పుడు ఆ చిన్న కోట ఎక్కువసేపు నిలవలేదు.

కోటకు పేరు తెచ్చింది 1741. ఇంగ్లండుకీ స్పెయిన్‌కీ మధ్య యుద్ధం నడుస్తోంది. జెంకిన్స్ అనే ఓడ కెప్టెను చెవిని స్పానిష్ తీరరక్షకులు కోసేశారన్న గోలతో లేచిన యుద్ధం కాబట్టి దానికి చరిత్రలో జెంకిన్స్ చెవి యుద్ధమనే పేరు స్థిరపడింది. అడ్మిరల్ ఎడ్వర్డ్ వెర్నన్ చిన్నా పెద్దా కలిపి 180కి పైగా ఓడలతో కార్తహేనా మీదికి వచ్చాడు. నావికులనూ సైనికులనూ కలుపుకుంటే ఆయన మనుషులు పాతిక వేలు దాటారు. ఊళ్లో ఉన్నవాళ్లు మూడు నాలుగు వేలకు మించరు, ఓడలు ఆరు. రక్షణ బాధ్యత చూసినవాళ్లలో బ్లాస్ దె లెసో అనే నౌకాధిపతి ఉన్నాడు. అప్పటికే ఆయనకు పాత యుద్ధాల్లో ఒక కాలు పోయింది, ఒక కన్ను పోయింది, ఒక చెయ్యి పనిచేయదు.

అఖాతం ముఖద్వారంలోని కోటలను ఇంగ్లీషువాళ్లు పగలగొట్టి లోపలికి వచ్చేశారు. గెలుపు ఖాయమని లండన్‌కు కబురు వెళ్లింది. అక్కడ పతకాలు పోసేశారు. వాటి మీద లెసో వెర్నన్ ముందు మోకరిల్లుతున్నట్టు బొమ్మ. ఒంటికాలి మనిషికి పతకం మీద రెండు కాళ్లూ ఇచ్చారు పాపం. మిగిలింది ఈ చిన్న గుట్ట కోట ఒక్కటే. ఏప్రిల్ 20 తెల్లవారుజామున ఇంగ్లీషువాళ్లు దాని మీదికి ఎక్కారు. కోటను కాస్తున్న ఇంజనీరు కార్లోస్ దెనో, ఆయన మనుషులు అప్పటికే గోడల పాదాల దగ్గర కందకం లోతు చేసి పెట్టుకున్నారు. గోడ ఎత్తు పెంచడానికి వ్యవధి లేదు, కింద నేలను దించడానికి ఉంది. పలుగూ పారా ఉంటే చాలు. చీకట్లో దారి తప్పి, కొండ ఎక్కలేక, తుపాకుల వర్షంలో గోడ దగ్గరికి చేరినవాళ్లు నిచ్చెనలు వేస్తే అవి అందలేదు. తెల్లారేసరికి చచ్చినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిపి ఆరు వందల పైమాటే. తర్వాత మిగతా పని జ్వరాలు చూసుకున్నాయి. వేలమంది పోయారు, ఓడలు తిరుగుముఖం పట్టాయి. ఆ దండులో అమెరికా వలసల నుంచి వచ్చిన లారెన్స్ వాషింగ్టన్ ఉన్నాడు. ఆయన తన అడ్మిరల్ మీద అభిమానంతో ఇంటికి మౌంట్ వెర్నన్ అని పేరు పెట్టుకున్నాడు. తర్వాత ఆ ఇల్లు సవతి తమ్ముడు జార్జి వాషింగ్టన్‌కు వచ్చింది. ఓడిపోయిన అడ్మిరల్ పేరు అలా అమెరికా మొదటి అధ్యక్షుడి గుమ్మం మీద నిలిచిపోయింది.

లెసో ఆ ఏడాదే సెప్టెంబరులో కన్నుమూశాడు. కోట కింద ఆయన విగ్రహం ఉంది, కొయ్యకాలితో, కత్తి ఎత్తి. కార్తహేనాలో ఎవరిని అడిగినా కథ ఇక్కడితో అయిపోతుంది. నాకు మాత్రం అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. ఎందుకంటే 1741లో గెలిచిన కోటకూ ఈ రోజు మనం ఎక్కే కోటకూ పోలిక తక్కువ. ఇప్పుడున్న రూపం ఆ గెలుపుకు 20 ఏళ్ల తర్వాత వచ్చింది. గెలిచిన కోటను ఎవరైనా అలాగే ఉంచుతారు, మహా అయితే సున్నం కొట్టిస్తారు. ఆంతోనియో దె అరెవాలో అలా చేయలేదు.

అరెవాలో స్పెయిన్ సైన్యపు ఇంజనీరు. 1742లో, అంటే యుద్ధం పొగ ఆరీ ఆరకముందే, కార్తహేనాకు వచ్చాడు. 1800లో ఇక్కడే పోయాడు. ఒక ఇంజనీరు ఒకే ఊరి గోడలూ ఇసుకా కెరటాలూ చూస్తూ అర్ధ శతాబ్దానికి పైగా ఉండడం ఆ కాలానికి కూడా అరుదే. ఆయన సాన్ ఫెలిపె పని చేపట్టింది 1762లో. అదే ఏడు క్యూబాలో ఇంగ్లీషువాళ్లు హవానాను పట్టుకున్నారు. అక్కడ ఎల్ మోర్రో అనే గట్టి కోట ఉండేది. ఫిరంగులకు లొంగకపోతే, దాని బురుజు కిందికి సొరంగం తవ్వి, మందు కూరి, పేల్చి లోపలికి దూరారు. నేల మీద ఎంత బలమైన కోటైనా నేల కింద నుంచి పడిపోతుందని అందరికీ తెలిసొచ్చింది. 1769 దాకా సాగిన సాన్ ఫెలిపె పనిని ఈ వెలుగులో చూడాలి.

ఇప్పుడు గోడ దగ్గరికి వెళదాం. మొట్టమొదట గమనించాల్సింది, నిటారు గోడ దాదాపు లేదు. ప్రతి ముఖమూ వెనక్కి వాలి ఉంటుంది. గుట్ట సహజమైన వాలును చెక్కి, ఆ చెక్కిన ముఖానికి రాతి తొడుగు వేశారు. అంటే గోడ వెనక బోలు లేదు, గదులు లేవు, ఉన్నది గుట్టే. మామూలు గోడను ఫిరంగి గుండు కొడితే రాళ్లు కదిలి, వెనక్కి కూలి, దారి పడుతుంది. ఇక్కడ కూలడానికి వెనక చోటు లేదు. పైగా వాలు మీద తగిలిన గుండు తన బలమంతా రాతిలోకి దింపలేదు, జారుతుంది. ఈ వాలు ఎంత ఉండాలన్నది తేలికగా తేలే లెక్క కాదు. ఎక్కువ పడుకోబెడితే మనిషి కాళ్లూ చేతులతో పాకేస్తాడు. ఎక్కువ నిలబెడితే గుండుకు దొరుకుతుంది. రెండింటికీ మధ్య ఒక కోణం ఉంది. అది పుస్తకంలో చదివినా, ఎగుడుదిగుడు గుట్ట మీద, ఒక్కో వైపు ఒక్కో ఎత్తున్న చోట, అన్ని ముఖాలకూ నిలబెట్టడం మేస్త్రి చేతి పని. నిచ్చెన వేసేవాడికి కూడా వాలు గోడ ఇబ్బందే. పాదం దూరంగా పెట్టాలి, గోడ ఎత్తు కంటే నిచ్చెన పొడుగు బాగా ఎక్కువ కావాలి. 1741 నిచ్చెనల పాఠం ఇక్కడ రాతిలోకి ఎక్కింది.

రాయి దగ్గరికి వెళ్లి వేలితో తడిమితే చిన్న చిన్న గుంటలు, నక్షత్రాల్లాంటి గుర్తులు, మెదడు ముడతల్లాంటి గీతలు తగులుతాయి. అవన్నీ పగడపు జీవుల ఆనవాళ్లు. ఈ తీరంలో దొరికే రాయే అది, సముద్రంలో పేరుకుని గట్టిపడ్డ పగడపు సున్నపురాయి. తేలికగా కోతకు వస్తుంది. అఖాతం ముఖద్వారంలోని తియెర్రాబోంబా దీవిలో రాతి గనులు ఉండేవి, కోసిన రాయిని పడవల మీద తెచ్చేవారు. అదే జాతి రాయిని బట్టీల్లో కాల్చి సున్నం చేసేవారు. అంటే రాయీ సముద్రానిదే, రాతిని అతికించిన సున్నమూ సముద్రానిదే. కమానుల దగ్గర, అంచుల దగ్గర, నేర్పుగా వంపు తిప్పాల్సిన చోట ఇటుక పెట్టారు. గరుకు రాయి, పక్కనే సన్నని ఎర్ర ఇటుక వరస, మధ్యలో తెల్లటి సున్నం. అలంకారం కోసం పెట్టింది ఒక్కటీ లేదు, కానీ ఉదయపు ఎండలో ఆ మూడు రంగులూ చూస్తే ఎవరో ఆలోచించి పేర్చినట్టే ఉంటాయి.

ఫిరంగులు పెట్టిన వేదికలు ఇంకా ఆసక్తికరం. కొన మీది పాత ముక్కోణపు కోటను అరెవాలో కదపలేదు. దాని చుట్టూ, ఒక్కో వైపు ఒక్కో మట్టంలో, కొత్త వేదికలు కట్టుకుంటూ కిందికి దిగాడు. సాన్ లూకాస్, శాంతా బార్బరా, లా రెదెన్సియోన్, లా క్రూస్, సాన్ కార్లోస్ ఇ లోస్ దోసె అపోస్తొలెస్ అని వాటి పేర్లు. కొమ్ముల ఆకారంలో ముందుకు చాచిన ఓర్నబేకే ఇంకొకటి. శాంతా బార్బరా ఫిరంగిదళాల ఇలవేల్పు కాబట్టి ఆ పేరు ఉండడం సహజమే. పన్నెండుగురు అపొస్తలుల పేరు మీద కూడా ఫిరంగుల వేదిక పెట్టడం చూస్తే, దేవుణ్ణి పనిలోకి దింపడానికి స్పానిష్ సైన్యం మొహమాటపడలేదని తెలుస్తుంది.

ఈ వేదికల్లో ఏ ఒక్కదాని మీదైనా నిలబడి ముందుకు చూస్తే మందపాటి పిట్టగోడ, దానిలో ఫిరంగి మూతి పెట్టే గవాక్షాలు కనిపిస్తాయి. గవాక్షం లోపలి వైపు ఇరుకు, బయటికి పోనుపోను వెడల్పు. ఫిరంగిని అటూ ఇటూ తిప్పడానికి చోటు ఉంటుంది, బయటివాడి గుండు లోపలికి రావడానికి సందు తక్కువ. పిట్టగోడ నెత్తి కూడా బయటివైపు కిందికి వాలి ఉంటుంది, తుపాకీ ఆనించి కింద ఎక్కుతున్నవాణ్ణి కాల్చడానికి వీలుగా. ఇంతవరకూ ఆ కాలపు మంచి కోటలన్నిటిలో ఉన్నదే.

ఇప్పుడు అక్కడే వెనక్కి తిరిగి చూడండి. ముందువైపు అంత మందంగా ఉన్న వేదికకు, వెనకవైపు అడ్డమంటూ లేదు. మీ వీపు పైమట్టంలోని వేదికకు అప్పగించి ఉంది. అక్కడ పిట్టగోడ, అక్కడా గవాక్షాలు, వాటిలో కొన్ని నేరుగా మీవైపే. స్నేహితులు అక్కడ ఉన్నంతసేపూ అది మీకు కాపు. శత్రువు మిమ్మల్ని చంపి ఈ వేదిక పట్టుకున్నాడనుకోండి, అతను గెలిచిన చోట అతనికి దాక్కునే గోడ లేదు. అతను స్వాధీనం చేసుకున్న మందపాటి పిట్టగోడ తప్పు దిక్కున ఉంది. పై వేదిక వాళ్లు తాపీగా గురి చూసి కాల్చవచ్చు. అతను అక్కడ నిలవలేక పై వేదిక మీదికి ఎగబాకాడే అనుకుందాం, దాని మీదికి ఇంకో వేదిక చూస్తుంటుంది. అన్నిటి పైన ఆ పాత ముక్కోణపు కోట. ఇది వడ్డించిన విస్తరి వెనక నిలబడ్డ ఇంటివాడి లాంటి ఏర్పాటు. అతిథి కూర్చున్నాక లేవడం తన చేతిలో ఉండదు.

ఒక వేదిక నుంచి ఇంకో వేదికకు దారులు కూడా అలాగే నడిపించాడు. ఎక్కడా సూటిగా పోదు. ఇరుకు దారి, మలుపు, వాలు, మళ్లీ మలుపు. ప్రతి మలుపు మీదా ఎక్కడి నుంచో ఒక గవాక్షం కన్నేసి ఉంటుంది. పర్యాటకులకు ఇది చికాకు. ఎదురుగా కనిపిస్తున్న చోటికి వెళ్లడానికి చుట్టూ తిరగాలి. అంత చికాకూ లెక్క ప్రకారం పెట్టిందే.

సొరంగాల్లోకి దిగితే అరెవాలో మనసు ఇంకా బాగా తెలుస్తుంది. వేదికల అడుగున, గుట్ట కడుపులో, ఒకదానికొకటి కలిసే నడవలు ఉన్నాయి. ఒక మనిషి నడవగలిగేంత వెడల్పు, ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు ఒదగాల్సిందే. కొన్నిచోట్ల పొడుగువాళ్లు తల వంచాలి. పైన కమాను కప్పు, పక్కల రాయీ ఇటుకా. అక్కడక్కడ గోడలో మనిషి నిలబడేంత గూడు. కరెంటు బల్బులు పెట్టారు కాబట్టి ఇప్పుడు చూడగలం. బల్బు ఆరిపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. బయట కరీబియన్ ఎండలో నుంచి లోపలికి దూకినవాడికి కళ్లు కనపడవు. చీకట్లో గంటల తరబడి గూట్లో నిలబడ్డ కాపలావాడికి, వెనక వెలుగులో ఆ దూకినవాడి ఆకారం స్పష్టంగా కనపడుతుంది. వరసలో ఒక్కొక్కరే రాగలరు కాబట్టి లోపల ఒక్కడున్నా సరిపోతాడు. పదిమంది బలం బయట పెట్టి రావాల్సిందే.

నడవలో ఒక చివర నిలబడి మెల్లగా మాట్లాడితే ఇంకో చివర వినపడుతుంది. గైడ్లు ఇదొక వింతగా చేసి చూపిస్తారు, పిల్లలు కేకలు పెట్టి ఆడుకుంటారు. దీనికి రెండు ఉపయోగాలు. లోపలివాళ్లు ఒకరికొకరు కబురు అందించుకోవచ్చు. అంతకన్నా ముఖ్యం, వచ్చే అడుగుల చప్పుడు ముందే తెలుస్తుంది. ఆ కాలంలో నేల కింద యుద్ధమంటే చెవుల యుద్ధం. పైన ముట్టడి వేసినవాడు కోట కిందికి సొరంగం తవ్వుతుంటే, లోపలివాడు ఊపిరి బిగబట్టి పలుగు దెబ్బ ఎటు నుంచి వస్తోందో వింటాడు. దిక్కు దొరికితే ఎదురు తవ్వి, శత్రువు మందు కూరకముందే అతని సొరంగాన్ని పేల్చేస్తాడు. హవానాలో ఎల్ మోర్రో పడిపోయింది ఈ ఏర్పాటు లేకే. సాన్ ఫెలిపెలో ముందే తవ్వి, కట్టి, వినడానికి సిద్ధంగా ఉంచారు.

ఇంకొక పని కూడా వీటికి ఉంది, అదే నన్ను ఎక్కువ ఆపింది. వేదిక శత్రువు చేతికి పోయి, పై నుంచి కాల్చినా అతను కదలకపోతే, ఆ వేదిక కిందే మందు కూరి పేల్చేయవచ్చు. తను ఏళ్ల తరబడి రాయి మీద రాయి పేర్చి కట్టించిన వేదికను, కడుతున్నప్పుడే, పేల్చడానికి కావలసిన గది కూడా కట్టించాడు అరెవాలో. తన పని మీద మమకారం ఉన్నవాడికి ఇది తేలిక కాదు. ఇల్లు కట్టేటప్పుడు అది కూలే సంగతి ఎత్తితే మన ఇళ్లల్లో అపశకునం అంటారు. ఆయన మాత్రం ఆ సంగతినే నక్షాలో గీశాడు.

కొన్ని నడవలు వాలుగా దిగుతూ దిగుతూ గుట్ట మొదలు దాకా, నీటి మట్టం దాకా వెళ్తాయి. అడుగున నీళ్లు నిలిచిన చోట దారి ఆగిపోతుంది. తేమ, ఉక్క, నాచు వాసన. అంత లోతున కూడా కమాను వంపు ఎక్కడా చెడలేదు.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి, వాన సంగతి చెప్పాలి. చుట్టూ ఉప్పు నీళ్లు, గుట్ట మీద ఊట లేదు. ముట్టడి పడితే మందుగుండు కంటే ముందు అయిపోయేది తాగే నీళ్లు. అందుకే వేదికల గచ్చు నేలకు వాలు ఇచ్చి, కురిసిన వానను కాలువల్లోకి, అక్కడి నుంచి గుట్టలోపలి నీటి తొట్లలోకి మళ్లించారు. ఫిరంగి నిలిపే నేలే నీళ్లు పట్టే నేల. ఒకే పనితో రెండు అవసరాలు తీర్చడం ఈ కోట అంతటా కనిపిస్తుంది.

ఇంతకీ ఈ రాళ్లు మోసింది ఎవరు? అరెవాలో పేరు దొరుకుతుంది, గవర్నర్ల పేర్లు దొరుకుతాయి, వేదికలకు పెట్టిన పన్నెండుగురు అపొస్తలులు దొరుకుతారు. రాయి కోసినవాడు, బట్టీ దగ్గర పొగ మింగినవాడు, చీకట్లో సొరంగం తవ్వి తట్ట ఎత్తినవాడు దొరకరు. కార్తహేనా గోడల మీద ఆఫ్రికా బానిసలు పనిచేశారు, శిక్ష పడ్డ ఖైదీలు పనిచేశారు. నేను ఇంతసేపూ మేస్త్రి చేతి పని అని మెచ్చుకున్న వాలు, కమాను, ఇటుక వరస, వాటిలో చాలాభాగం కూలి అడిగే హక్కు లేని చేతులవి. ఏ ఊరి సంతలో తమను అమ్మారో ఆ ఊరికే కాపుగా వాళ్లు ఈ గుట్టను కట్టారు. ఈ కోట గురించి రాసే మెచ్చుకోలులో ఈ వాక్యం లేకపోతే అది సగం మెచ్చుకోలే.

డబ్బు కూడా ఊరి డబ్బు కాదు. కీతో, బొగొతా ఖజానాల నుంచి ఏటా రక్షణ ఖర్చుల కింద వెండి వచ్చేది. అయినా చాలేది కాదు. మాడ్రిడ్‌లో రాజు దుర్భిణి తెప్పించుకుని పడమటి దిక్కుకు చూశాడనీ, ఇంత డబ్బు మింగిన గోడలు ఇక్కడి దాకా కనపడాలి కదా అన్నాడనీ కార్తహేనాలో ఒక కథ తిరుగుతుంది. కథే అయ్యుంటుంది. బిల్లులు చూసిన రాజుకు అలా అనిపించడం మాత్రం నమ్మదగ్గదే.

లోపం లేదా అంటే, ఉంది. ఊరికి తూర్పున లా పోపా కొండ ఉంది, 150 మీటర్ల ఎత్తు, మీద 17వ శతాబ్దం తొలినాళ్లలో వెలసిన మఠం. సాన్ ఫెలిపె కంటే అది ఎంతో ఎత్తు. 1741లో ఇంగ్లీషువాళ్లు అక్కడికి ఎక్కి కూర్చున్నారు కూడా. ఆ కాలపు ఫిరంగులకు అంత దూరం నుంచి గురి కుదరదు కాబట్టి గండం గడిచింది. ఫిరంగి ఇంకొంత ఎదిగి ఉంటే, ఈ వాలులూ వేదికలూ అన్నీ పై నుంచి అరచేతిలో గీతల్లా కనపడేవి. ఉన్న గుట్టను వదిలి పెద్ద కొండ ఎందుకు ఎక్కలేదంటే, ఊరి దారి మీద ఉన్నది ఈ గుట్టే. దారి కాయడమే దాని ఉద్యోగం.

ఆ తర్వాత ఇన్ని ఏర్పాట్లకూ పరీక్ష ఎప్పుడు వచ్చింది? రాలేదు. అరెవాలో కట్టాక ఈ కోటను ఎవరూ దాడి చేసి పట్టుకోలేదు. 1811 నవంబరు 11న కార్తహేనా స్పెయిన్ నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. 1815లో దాన్ని తిరిగి లొంగదీయడానికి స్పెయిన్ నుంచే సేనాని పాబ్లో మొరిల్లో వచ్చాడు. స్పెయిన్ కట్టించిన కోట ఇప్పుడు స్పెయిన్‌కే అడ్డం. మొరిల్లో దాని మీదికి నిచ్చెనలు వేసే పని పెట్టుకోలేదు. ఊరి చుట్టూ దారులు మూసి కూర్చున్నాడు. 106 రోజులు. ఊళ్లో గుర్రాలు తిన్నారు, కుక్కలు తిన్నారు, తోళ్లు ఉడకబెట్టుకున్నారు. వేలమంది ఆకలితో పోయారు. డిసెంబరులో ఊరు చేతికి వచ్చింది. గోడ ఎక్కేవాడికీ, గోడ కింద తవ్వేవాడికీ అరెవాలో దగ్గర జవాబు ఉంది. తిండి ఆపేసి ఎదురు చూసేవాడికి ఏ ఇంజనీరు దగ్గరా లేదు.

తర్వాత వందేళ్లు కోటను ఎవరూ పట్టించుకోలేదు. గోడల సందుల్లో చెట్లు మొలిచాయి, మట్టి కప్పేసింది. 1923లో ఏర్పడిన ఊరి ప్రజాభివృద్ధి సంఘం దాన్ని శుభ్రం చేయించి నిలబెట్టింది. 1984లో కార్తహేనా రేవు, కోటలు, పాత ఊరు కలిపి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. ఇప్పుడు కోట వెనకవైపు రోడ్డు పక్కన కంచుతో పోసిన పెద్ద పాత బూట్ల జత ఉంటుంది. తన ఊరి మీద తనకున్న ప్రేమను పాత బూట్ల మీద మనిషికుండే ప్రేమతో పోల్చిన ఇక్కడి కవి లూయిస్ కార్లోస్ లోపెస్‌కు అది స్మారకం. కోటకు వచ్చే పిల్లలు ఫిరంగుల కంటే ఆ బూట్లలోకి దూరడానికే ఎక్కువ ఇష్టపడతారు.

అరెవాలో పని ఇంకా కొలువులో ఉన్నది చూడాలంటే మాత్రం కోట దిగి రేవుకు వెళ్లాలి. అఖాతానికి రెండు నోళ్లు, వెడల్పైన బొకాగ్రాందె, ఇరుకైన బొకాచికా. 17వ శతాబ్దంలో ఓడలు మునిగి, ఇసుక మేట వేసి పెద్ద నోరు తనంతట తనే పూడుకుంది. తర్వాతి శతాబ్దంలో సముద్రం దాన్ని మళ్లీ తెరిచింది. రెండు నోళ్లకూ కోటలు కట్టి, రెండు చోట్లా సైన్యం పెట్టాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అరెవాలో 1771లో మొదలుపెట్టి 1778 కల్లా, పెద్ద నోటికి అడ్డంగా నీటి అడుగున దాదాపు మూడు కిలోమీటర్ల పొడవున గుంజలు దించి, రాళ్లు పోసి, అలల కింద మునిగి ఉండే గోడ కట్టాడు. చిన్న పడవలు దాని మీదుగా పోతాయి. పెద్ద ఓడలు ఈ రోజుకీ చుట్టూ తిరిగి బొకాచికా గుండానే రావాలి.